చుక్కే కదా అని వదలొద్దు!

పంటకాలువకు గండి పడితే పలుగూ పారా పట్టుకుని పరుగెత్తుతాం. అదే ఇంటి ముందు కుళాయి పైపు జాయింటు దగ్గర కారుతుంటే ‘చుక్కే కదా’ అని ఊరుకుంటాం. ఒకసారి కారేచోట గ్లాసు పెట్టి చూడండి. పావు లీటరు గ్లాసు పది నిమిషాల్లో నిండితే గంటకు లీటరున్నర పోతున్నట్లు లెక్క. ఇంటి ట్యాంకు నుంచి వచ్చే లైనైతే రోజుకు 36 లీటర్లు! 2019లో మొదలైన జలజీవన్ మిషన్ లెక్క ప్రకారం పల్లెల్లో మనిషికి రోజుకు ఇవ్వాల్సింది 55 లీటర్లు. అంటే ఒక మనిషి వాటాలో సగానికి పైగా మట్టిపాలే.

నీళ్లు పోవడం ఒక్కటే కాదు. సరఫరా ఆగినప్పుడు పైపు ఖాళీ అవుతుంది. అప్పుడు అదే సందులోంచి చుట్టూ ఉన్న మురుగును లోపలికి పీల్చుకుంటుంది. మళ్లీ నీళ్లు వదలగానే ఆ మురుగు మన బిందెలోకే వస్తుంది. వానాకాలంలో వాంతులు, విరేచనాలకు ఇదీ ఒక దారే.

కారేది ఎందుకు?

నల్ల హెచ్.డి.పి.ఇ. పైపుకు సొల్యూషన్ పట్టదు. అందుకే నట్టు బిగించే కంప్రెషన్ ఫిట్టింగు వాడతారు. విప్పి చూస్తే నట్టు, చీలిక ఉన్న రింగు, బుష్, రబ్బరు రింగు, బాడీ ఉంటాయి. చీలిక రింగు పైపు ఊడకుండా పట్టుకుంటుంది. నీటిని ఆపేది రబ్బరు రింగే. అది తెగితే నట్టు ఎంత బిగించినా లాభం లేదు. పైపును కొడవలితో ఏటవాలుగా కోయడం, లోపలిదాకా దూర్చకపోవడం, పైపు మీద గీతలు, ఇసుక రేణువులు కూడా లీకుకు కారణాలే.

బాగుచేసే పద్ధతి

ముందు వాల్వు కట్టేసి, కుళాయి తిప్పి పైపులో నీళ్లు వదిలేయాలి. మోటారు లైనైతే స్టార్టరు ఆపి ఫ్యూజులు తీయాలి. ఫిట్టింగు చుట్టూ కాస్త వెడల్పుగా తవ్వి, మట్టి శుభ్రంగా తుడవాలి.

నట్టును రెంచితో పావు చుట్టు మాత్రం బిగించి నీళ్లు వదిలి చూడాలి. ఆగితే సరే. ఆగకపోతే బలం చూపొద్దు, నట్టు పగులుతుంది. మళ్లీ వాల్వు కట్టి, నట్టు విప్పి పైపు బయటకు లాగాలి. ఏ రింగు ఎటు తిరిగి ఉందో గుర్తు పెట్టుకోవాలి.

రబ్బరు రింగు తెగినా, సాగినా, చదునైనా మార్చాల్సిందే. పాత రింగును దుకాణానికి తీసుకెళ్లి అదే కొలతది తెచ్చుకోవాలి. పైపు సైజు పైపు మీదే అచ్చువేసి ఉంటుంది.

గీతలు పడ్డ కొనను హాక్సా బ్లేడుతో తిన్నగా కోయాలి. అంచును చాకుతో కొద్దిగా చెక్కి నున్నగా చేయాలి. ఫిట్టింగు లోతు కొలిచి పైపు మీద గుర్తు పెట్టాలి. కొనకు సబ్బు నీళ్లు రాయాలి. గ్రీజు, నూనె రాస్తే రబ్బరు పాడవుతుంది. రింగులన్నీ ముందున్న వరుసలోనే వేసి, పైపును గుర్తుదాకా నొక్కాలి. రబ్బరు రింగు దగ్గర పైపు కాస్త ఆగుతుంది. అక్కడితో సరిపోయిందనుకుంటేనే మళ్లీ లీకు! ఆ తర్వాత నట్టు చేత్తో తిప్పి, చివర్లో రెంచితో బిగించాలి.

నీళ్లు వదిలి పది నిమిషాలు పొడి గుడ్డతో తడిమి చూశాకే మట్టి కప్పండి. మొదట వచ్చే బిందెడు నీళ్లు తాగొద్దు, చెట్లకు పోయండి.

ఇవి మరవొద్దు

సైకిలు ట్యూబు చుట్టడం ఆ పూట గడవడానికే. ఈ నట్టు మరలకు టెఫ్లాన్ టేపు అక్కర్లేదు. కుళాయి బిగించే మరల వైపే టేపు చుట్టాలి. వీధి మెయిన్ పైపు కారుతుంటే మీరు విప్పకండి, పంచాయతీ వారికి చెప్పండి.

బోరు దగ్గర నల్ల పైపు జాయింట్లకూ ఇదే పద్ధతి. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమెందుకు?