కరిగిపోగా మిగిలిన వెండి సెమ్మెలు

మార్కాపురం: పాత వెండి అంగడికి వెళితే ముందుగా తక్కెడ ఎక్కుతుంది. తూకం వేసి, గీటురాయిపై గీసి, తరుగు తీసి ధర కడతారు. చేసినవాని పనితనం లెక్కకు రాదు. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో వానలు మొహం చాటేసిన ఏడు బోరు కోసమో, పెళ్ళి కోసమో అవ్వల నాటి కుందులు, చెంబులు ఇలాగే మూసలోకి చేరుతుంటాయి. ఒకప్పుడు ఫ్రాన్సు రాజుగారి వెండికి సైతం ఇదే గతి పట్టడం విశేషం.

ఫ్రాన్సును 15వ లూయీ ఏలిన కాలంలో (1715-74) దొరల భోజనపు బల్లలపై వెండి కొవ్వొత్తుల సెమ్మెలు వెలిగేవి. ఒకే కాండం నుంచి రెండు మూడు కొమ్మలు చీలి, కొమ్మకొక కొవ్వొత్తి నిలిచేది. గవ్వలు, ఆకులు, నీటి సుడులు మెలికలు తిరిగే ఆ పనితనాన్ని రొకోకో అంటారు. మన కుందికి కుడి ఎడమలు సమానంగా ఉంటేనే అందం. అక్కడ సమానంగా లేకపోవడమే అందం. మెసోనియే గీసిన నమూనాను బట్టి క్లోద్ దువివియే అనే వెండిపనివాడు 1734-35లో చేసిన సెమ్మె పారిస్ అలంకార కళల మ్యూజియంలో ఉంది.

ఆనాటి సెమ్మెలు నేడు అరుదు. ఇందుకు ముఖ్య కారణం యుద్ధం. 1756లో మొదలైన ఏడేళ్ళ యుద్ధం ఆంధ్ర తీరాన్ని కూడా తాకింది. 1759 ఏప్రిల్‌లో ఇంగ్లీషు కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారి నుంచి మచిలీపట్నం కోటను పట్టుకున్నాడు. అదే ఏడు నవంబరులో, ఖజానా వట్టిపోగా, లూయీ తన వెండి సామాన్లను టంకశాలకు పంపి, ప్రజలనూ పంపమని కోరాడు. సెమ్మెలు, పళ్ళేలు నాణేలయ్యాయి. 1789 విప్లవం తరువాత మరికొంత కరిగింది.

1840ల నుంచి విద్యుత్తుతో వెండి పూత వేయడం వ్యాపారంగా పెరిగింది. పాత నమూనాలో చేసిన పూత సెమ్మెలను చూసి అసలువని భ్రమపడేవారూ ఉన్నారు. ఆనాటి పారిస్ వెండిపై పనివాని గుర్తు, సంవత్సరాన్ని తెలిపే అక్షరం, పన్ను ముద్రలు ఉంటాయి. అందులో వెండి పాలు నూటికి 95కు పైమాటే.

మన ఇళ్ళలోని పాత వెండినీ అమ్మేముందు తిరగేసి చూడడం మంచిది. అడుగున పెద్దల పేరో, ఊరి పేరో చెక్కి ఉండవచ్చు. నూరేళ్ళు దాటిన కళావస్తువులు 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువులు. వాటితో వ్యాపారం చేసేవారికి లైసెన్సు ఉండాలి. ప్రైవేటు వ్యక్తులు వాటిని విదేశాలకు పంపరాదు.

విబూదితో గట్టిగా రుద్దితే చెక్కడాలు అరిగిపోతాయి. మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. కరిగించక తప్పని పరిస్థితి వస్తే ముందుగా ఒక ఫోటో తీసుకుని, బరువు, చెక్కిన అక్షరాలు, ఎవరి నాటిదో కాగితంపై రాసి ఉంచుకోవాలి. వెండి మళ్ళీ కొనుక్కోవచ్చు. ఆ చేతిపని తిరిగి రాదు.