యూనిఫాం: గుడ్డ, కుట్టు

ఆటల పీరియడ్ అయి తరగతిలోకి వచ్చేసరికి మీ యూనిఫాం చొక్కా వీపుకు అంటుకుపోతోందా? నూలు దారం సాధారణ వాతావరణంలో తన బరువులో సుమారు 8.5 శాతం తేమను ఇముడ్చుకుంటుంది. పాలిస్టర్ ఇముడ్చుకునేది 0.4 శాతమే. చెమట ఆవిరైతేనే ఒళ్లు చల్లబడుతుంది. పాలిస్టర్ పాలు ఎక్కువగా ఉన్న మందపాటి గుడ్డ లోపల ఆ ఆవిరి చిక్కుకుపోతుంది. అయినా బడులు దాన్నే ఎందుకు ఎంచుకుంటాయి? నలగదు, త్వరగా చిరగదు. ఉతికేవారికి సుఖం, తొడుక్కునేవారికి ఉక్కపోత!

కుట్టు సంగతి ఇంకా ముఖ్యం. ఆటలకు రమ్మంటే స్కర్టు సర్దుకుంటూ గట్టుమీదే కూర్చుండిపోయిన అమ్మాయిలను నా తరగతుల్లో ఎందరినో చూశాను. కేరళలోని ఎర్నాకుళం జిల్లా వలయన్‌చిరంగర ప్రాథమిక పాఠశాల ఈ ఇబ్బందిని గుర్తించి, 2018లో ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఒకేలా చొక్కా, మోకాళ్ల దాకా వచ్చే నిక్కరు పెట్టింది. 2021 డిసెంబరులో కోజికోడ్ జిల్లా బాలుశ్శేరి బాలికల ప్రభుత్వ హయ్యర్ సెకండరీ పాఠశాల ప్యాంటు, చొక్కా ప్రవేశపెడితే కొన్ని సంస్థలు నిరసన తెలిపాయి. అక్కడ కావాలనుకున్నవారు పొడుగు చేతుల చొక్కా, తలగుడ్డ వేసుకునే వీలు కూడా ఉంచారు. ఆ ఏర్పాటులో నాకు అన్నిటికంటే నచ్చింది ఈ వెసులుబాటే.