జోలాపుట్టు జలాశయం: విద్యుదుత్పత్తికే ప్రాధాన్యం - నీటిమట్టాన్ని బట్టి విహారం

ఆంధ్రప్రదేశ్, ఒడిశా సరిహద్దులోని తూర్పు కనుమలలో మాచ్‌ఖండ్ నదిపై జోలాపుట్టు జలాశయం ఉంది. అల్లూరి సీతారామరాజు జిల్లా ముంచింగిపుట్టు మండలానికి ఇది ఆనుకుని ఉంటుంది. దీని పూర్తిస్థాయి నీటిమట్టం సముద్రమట్టానికి 2,750 అడుగులు, నిల్వ సామర్థ్యం సుమారు 34 టీఎంసీలు. శీతకాలంలో మన్యానికి వచ్చే పర్యాటకులను ఆకర్షించే ఈ జలాశయాన్ని ప్రధానంగా విద్యుదుత్పత్తి కోసం నిర్మించారు. ఇక్కడి విహార అవకాశాలన్నీ ఆ అవసరానికి లోబడి ఉంటాయి.

నీటి గమనం

ఉభయ రాష్ట్రాల ఉమ్మడి ప్రాజెక్టు అయిన మాచ్‌ఖండ్‌లో 1955లో విద్యుదుత్పత్తి ప్రారంభమైంది. జోలాపుట్టు నుంచి విడుదలైన నీరు 2,590 అడుగుల మట్టం గల డుడుమ డైవర్షన్ డ్యాంకు చేరుతుంది. అక్కడి నుంచి ఒనకఢిల్లీ వద్ద గల 120 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రానికి మళ్లుతుంది. అనంతరం 1,516 అడుగుల పూర్తిస్థాయి నీటిమట్టం గల బలిమెల జలాశయంలో చేరిన నీటిని ఇరు రాష్ట్రాలు పంచుకుంటాయి. ఆంధ్రప్రదేశ్ వాటా నీరు సీలేరు, డొంకరాయి జలాశయాల మీదుగా సాగి శబరి ద్వారా గోదావరిలో కలుస్తుంది.

ఏ కాలంలో ఏ దృశ్యం

నైరుతి రుతుపవనాల వర్షాలతో జలాశయం నిండుతుంది. శీతకాలంలో పొగమంచు, చుట్టూ కొండలు, విశాలమైన నీటి పరపు సందర్శకులకు కనువిందు చేస్తాయి. విద్యుదుత్పత్తికి నీటిని వాడుకునే కొద్దీ మట్టం తగ్గి, వేసవి నాటికి తీరం వెనుకకు జరుగుతుంది. నీరు తీసిన చోట బురద నేలలు బయటపడతాయి. సమీపంలోని డుడుమ జలపాతం ఉధృతి కూడా విద్యుత్ కేంద్రానికి మళ్లించగా మిగిలిన నీటిపై ఆధారపడి ఉంటుంది. అందువల్ల వర్షాకాలంలోనే దాని నిండుదనం కనిపిస్తుంది.

భద్రతే కీలకం

జలాశయం నిండుకుండలా ఉన్నపుడు గేట్లు ఎత్తితే దిగువన ప్రవాహం ఒక్కసారిగా పెరుగుతుంది. నదీగర్భంలోని బండరాళ్లపై కూర్చోవడం, స్నానాలకు దిగడం ఆ సమయంలో ప్రాణాంతకం. తీర గ్రామాల గిరిజనులకు నాటు పడవ విహార సాధనం కాదు. అది రాకపోకలకు, చేపల వేటకు ఆధారం. అటువంటి పడవలలో పర్యాటకులను ఎక్కించుకోవడం ఇరువురికీ ప్రమాదకరం. ఇదే నీటి మార్గంలోని సీలేరు జలాశయంలో 2021 మే నెలలో నాటు పడవలు మునిగి, స్వగ్రామాలకు తిరిగి వెళుతున్న వలస కూలీలు మృతి చెందారు. అంతకు ముందు 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద పర్యాటక బోటు మునిగిన దుర్ఘటన అనంతరం రాష్ట్రంలో బోటు ప్రయాణాల పర్యవేక్షణకు కంట్రోల్ రూములు ఏర్పాటయ్యాయి.

పరిమితికి మించి ఎక్కించకపోవడం, ప్రతి ఒక్కరూ లైఫ్ జాకెట్ ధరించడం, చీకటి పడిన తరువాత పడవ ప్రయాణం మానుకోవడం ఏ జలాశయంలోనైనా తప్పనిసరి జాగ్రత్తలు. నీటిమట్టం, గేట్ల ఎత్తివేత సమాచారం విద్యుత్ సిబ్బందికి మాత్రమే కాక తీర గ్రామాలకు, సందర్శకులకు కూడా సకాలంలో చేరినపుడే కొండలపై ఈ జలాశయం సురక్షిత విహార స్థలం కాగలదు.