లోపాముద్ర – నామార్థ విచారము

ఆడుశిశువునకు లోపాముద్ర యని పేరిడుట తెలుగునాట మిక్కిలి అరుదు. "పేరులో లోపమను మాట యుండవచ్చునా?" యని తల్లిదండ్రులు శంకింతురు. ఆ శంక నిష్కారణము.

అగస్త్యమహర్షి సర్వప్రాణుల శ్రేష్ఠావయవములను గ్రహించి ఒక కన్యను సృజించి, సంతానార్థమై తపించుచున్న విదర్భరాజున కిచ్చెనని మహాభారత వనపర్వము చెప్పుచున్నది. ఆమె యెదుట తక్కిన ప్రాణుల ముద్రలు, అనగా విశిష్టలక్షణములు, లోపించినవి గావున లోపాముద్ర యని పెద్దలు వివరింతురు. లోపము ఇతరులదే గాని ఆమెది కాదు.

ఈ నామము వేదకాలము నాటిది. ఋగ్వేద ప్రథమమండలము 179వ సూక్తమున ఈమె మంత్రద్రష్ట్రి. తపోనిష్ఠుడైన భర్తకు గృహస్థధర్మమును నిర్భయముగా గుర్తుచేసిన ఇల్లాలు. శ్రీవిద్యలో హాదివిద్యకు ఋషి ఈమెయే. లలితాసహస్రనామము అమ్మవారిని లోపాముద్రచే అర్చింపబడిన తల్లిగా కీర్తించుచున్నది.

స్త్రీనామము మంగళకరమై, దీర్ఘాంతమై, సుఖముగా పలుకదగినదై యుండవలెనని మనుస్మృతి విధించినది. లోపాముద్రా యని సంస్కృతమున దీర్ఘాంతమే. పలుకుట కష్టమనిపించినచో ఇంటిలో ముద్ర యని పిలువవచ్చును.

వంగదేశమున ఈ పేరు నేటికిని వినబడుచున్నది. మన జ్యోతినగర్‌లో శుక్రవారము సహస్రనామము పఠించు తల్లులు ఈ పేరును పలుకుచునే యున్నారు; బిడ్డకు పెట్టుటకు మాత్రము వెనుకాడుట యేల?

శుభం భూయాత్.