తుక్కు చెక్కల బీరువా

ఏ వస్తువు వెలయైనను ముఖ్యముగా రెండింటిని బట్టి ఏర్పడును. అందులోని పదార్థము ఒకటి. దానిపై మనిషి పడిన శ్రమ రెండవది. యంత్రయుగమునకు పూర్వము పదార్థము ప్రియము, శ్రమ చౌక. కనుకనే నాటి వడ్రంగి చిన్న చెక్కముక్కను సైతము పారవేసెడివాడు కాడు. నేటి పారిశ్రామిక దేశములలో ఈ లెక్క తలక్రిందులైనది. అక్కడ కూలి ప్రియము, పలక చౌక. పాత పలకలోని మేకులు ఊడదీయించుట కంటె కొత్త పలక కొనుటయే లాభము. అందుచేత పడగొట్టిన ఇండ్ల తలుపులు, కిటికీ చట్రములు, నేలపలకలు తుక్కుకుప్పలకు చేరుచున్నవి. వాటి కలప చెడిపోయినందువలన కాదు. దానిని బాగుచేయు గంటలకు వెల హెచ్చినందువలన.

ఈ లెక్కకు ఎదురు నడచిన రూపశిల్పి ఒకరు హాలండు దేశములో ఉన్నారు. ఆయన పేరు పీట్ హైన్ ఏక్. 1967లో జన్మించిన ఈయన అయిండ్‌హోవెన్ నగరములోని పారిశ్రామిక రూపకల్పన విద్యాలయములో చదివి 1990లో పట్టము పొందినారు. పట్టమునకై ఆయన సమర్పించినది తుక్కు కలపతో చేసిన బీరువా. నాటినుండి నేటివరకు ఆయన పేరు చెప్పగానే స్ఫురించునది ఆ తరహా బీరువాయే.

ఆ బీరువాలను చూచినప్పుడు మనకు పాత చీరలతో కుట్టిన బొంత జ్ఞప్తికి వచ్చును. రంగు వెలిసిన పలక ప్రక్కన పెచ్చులూడిన పలక. దాని ప్రక్కన వేరొక వన్నె. పాత రంగును గీకివేయరు. మేకుల గుంటలను దాచరు. కాని అతుకులు చక్కగా కుదిరియుండును, పైపూత నిగనిగలాడుచుండును.

చూచుటకు సులువుగా తోచు ఈ పని చేయుటకు సులువు కాదు. కొత్త పలకలన్నియు ఒకే మందము, ఒకే వెడల్పు. పాతవాటిలో ఏ రెండును ఒకటి కావు. ఒక్కొక్కదానిని ఏరి, మేకులు లాగి, పుచ్చిన భాగమును కోసివేసి, కొలిచి, ప్రక్కదానితో జతకూర్చవలెను. మరచిన మేకు ఒక్కటి చాలును, రంపపు పండ్లు విరుగుటకు.

ఊరక దొరికిన చెక్కతో చేసినది చౌకగా ఉండవలదా అని పాఠకులు ప్రశ్నింపవచ్చును. 1934లో, ఆర్థికమాంద్యపు రోజులలో, ఆ దేశపు మరొక రూపశిల్పి రీట్‌వెల్ట్ సరకుల పెట్టెలకు వాడు నాసి పలకలతో కుర్చీని కల్పించినారు. పలకలను విడిగా అమ్మగా కొన్నవారే బిగించుకొనెడివారు. దాని ఉద్దేశము చౌక. ఏక్ బీరువా అట్టిది కాదు. అది సంపన్నుల గృహములకే చేరుచున్నదను మాట నిజము. కాని ఆ వెల చెక్కది కాదు, చేతిపనిది. పదార్థమునకు వెల లేనప్పుడు శ్రమ ఎంతటి విలువ గలదో ఆ బీరువా కంటికి కట్టించును.

ఆయన అక్కడితో ఆగలేదు. తుక్కుతో బీరువాలు చేయగా మిగిలిన తుక్కును 40 మిల్లీమీటర్ల కొలతకు కోసి, ఆ ముక్కలను పేర్చి బల్లలు, కుర్చీలు చేయించినారు. 2010లో తన కార్యశాలను అదే నగరములోని ఫిలిప్స్ సంస్థవారి పాత కర్మాగార భవనములోనికి మార్చినారు. విడిచిన చెక్కకు వర్తించిన న్యాయమే విడిచిన కట్టడమునకును వర్తించినది.

వ్యాపారపు లెక్కలో పదార్థము, శ్రమ అను రెండు పద్దులే గలవు. మూడవ పద్దు ఒకటి ఉన్నది. దానిని ఎవరును వ్రాయరు. అది చెట్టు పెరిగిన కాలము. పాఠశాలలో కాలు విరిగిన బల్లను మూలకు నెట్టుటకు ముందు ఉపాధ్యాయులు, విద్యార్థులు ఈ లెక్క ఒకసారి వేసి చూడవచ్చును: దానిని బాగుచేయుటకు ఎన్ని గంటలు పట్టును? ఆ కలప చేవదేరుటకు ఎన్ని ఏండ్లు పట్టినది?