స్టీమ్‌పంక్ ప్రేమకథల ఎంపికలో సంపాదకుల దృష్టి: యంత్రం, ప్రేమ, ఔచిత్యం

వ్యాససంగ్రహం: ఆంగ్ల కల్పనా సాహిత్యంలో స్టీమ్‌పంక్ ఒక ప్రత్యేక ప్రక్రియగా స్థిరపడింది. అందులోనుంచే స్టీమ్‌పంక్ ప్రేమకథ వచ్చింది. ప్రచురణకు వచ్చిన ఇటువంటి రచనలలో సంపాదకులు వేటిని స్వీకరిస్తారు, ఎందుకు స్వీకరిస్తారు అన్న ప్రశ్నను కొన్ని ప్రసిద్ధ నవలలు, సంకలనాల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: స్టీమ్‌పంక్, ప్రేమకథ, సంపాదకత్వం, ఔచిత్యం, అంగిరసం, సామ్రాజ్యవాదం.

1. ఉపోద్ఘాతం

పంతొమ్మిదో శతాబ్దపు ఆవిరి యంత్రాలను, నాటి సమాజాన్ని ఆధారం చేసుకొని, జరగని చరిత్రను ఊహించి రాసే కల్పనను స్టీమ్‌పంక్ అంటారు. అమెరికన్ రచయిత కె. డబ్ల్యు. జీటర్ 1987లో ‘లోకస్’ పత్రికకు రాసిన లేఖలో ఈ మాటను సగం హాస్యంగానే ప్రతిపాదించాడు. తానూ, తన మిత్రులు టిమ్ పవర్స్, జేమ్స్ బ్లేలాక్ రాస్తున్న విక్టోరియా కాలపు అద్భుత కథలకు ఒక పేరు కావాలన్నది ఆయన ఉద్దేశం. అప్పటికే ప్రచారంలో ఉన్న సైబర్‌పంక్ అనే మాటకు ఇది అనుకరణ. తెలుగులో దీనికి స్థిరపడిన పారిభాషిక పదం లేదు. ‘ఆవిరియుగ కల్పన’ అనవచ్చు గానీ, ‘పంక్’లో ఉన్న ధిక్కారధ్వని అందులోకి రాదు. అందువల్ల ఈ వ్యాసంలో మూలపదాన్నే వాడుతున్నాను.

గతం, యంత్రం అనగానే మనకు ‘ఆదిత్య 369’ (1991) గుర్తుకు వస్తుంది. అయితే అది కాలయాన కథ. అక్కడ నేటి యంత్రం నిన్నటి విజయనగరానికి వెళుతుంది. స్టీమ్‌పంక్‌లో యంత్రం నిన్నటి మట్టిలోనే మొలకెత్తాలి. ఆనాటి లోహం, ఆనాటి ఇంధనం, ఆనాటి పనివాళ్ల చేతులు దానిని తయారు చేయాలి. సంపాదకుడి తొలి పరీక్ష ఇక్కడే మొదలవుతుంది.

సంపాదకుల అభిరుచిని తెలుసుకోవడానికి వారి ప్రకటనల కంటే వారు ఎంపిక చేసిన రచనలే నమ్మదగిన ఆధారమని నా అభిప్రాయం. ‘మంచి పాత్రలు, కొత్త ఊహ కావాలి’ అని ప్రతి సంపాదకుడూ అంటాడు. ఆ మాట వల్ల ఏమీ తెలియదు. ఎంపిక చేసిన కథను విప్పి చూస్తే తెలుస్తుంది.

2. యంత్రం అలంకారమా, కథాశరీరమా?

ఇత్తడి పళ్లచక్రాలు, కళ్లజోళ్లు, గగననౌకలు, బిగుతైన నడుముకట్లు - ఇవి స్టీమ్‌పంక్ వేషభాషలు. వీటిని ఒక మామూలు సాహసకథకు తగిలిస్తే అది స్టీమ్‌పంక్ అయిపోతుందన్న భ్రమ కొత్త రచయితలలో ఎక్కువ. పదకొండో శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు ‘ఔచిత్యవిచారచర్చ’లో చెప్పిన విషయం ఇక్కడ చక్కగా వర్తిస్తుంది. ఉండవలసిన చోట లేని నగ అందాన్ని ఇవ్వకపోగా నవ్వు తెప్పిస్తుంది. స్టీమ్‌పంక్ రచనను పరీక్షించే సులువైన పద్ధతి ఒకటుంది. కథలోనుంచి యంత్రాన్ని తీసివేసి చూడాలి. కథ చెక్కుచెదరకుండా నిలిస్తే ఆ యంత్రం కేవలం నగ.

విలియం గిబ్సన్, బ్రూస్ స్టెర్లింగ్ కలిసి రాసిన ‘ద డిఫరెన్స్ ఇంజిన్’ (1990) ఈ పరీక్షకు నిలుస్తుంది. చార్లెస్ బాబేజ్ రూపొందించిన గణనయంత్రాలు వాస్తవంలో ఆయన జీవితకాలంలో పూర్తి కాలేదు. అవి పూర్తయి ఉంటే అన్న ఒక్క ఊహ మీద ఈ నవల నడుస్తుంది. పోలీసు నిఘా, రాజకీయం, వర్గాల తారుమారు అన్నీ ఆ యంత్రంనుంచే పుడతాయి. యంత్రాన్ని తీసివేస్తే నవలే ఉండదు. బాబేజ్ రెండవ డిఫరెన్స్ ఇంజిన్ గణనభాగాన్ని లండన్ సైన్స్ మ్యూజియం ఆయన చిత్రపటాల ప్రకారం నిర్మించి 1991లో పని చేయించి చూపింది. అంటే నవల ఊహ గాలిలో కట్టిన మేడ కాదు.

యంత్రానికి తన పరిమితులు కూడా ఉండాలి. ఫ్రాన్సుకు చెందిన ఆంరీ జిఫార్ 1852లో ఆవిరి యంత్రంతో గగననౌకను నడిపాడు. దాని శక్తి మూడు అశ్వాలు మాత్రమే. పైన ఉన్న వాయువుకు నిప్పు అంటుకోకుండా పొగగొట్టాన్ని కిందికి వంచవలసి వచ్చింది. నా దృష్టిలో ఆ వంచిన గొట్టం పది పుటల వర్ణన కంటే విలువైనది. ప్రమాదం ఎక్కడుందో, దానిని ఎదుర్కొన్న బుద్ధి ఏదో అది ఒక్కసారిగా చూపుతుంది. బొగ్గు ఎవరు వేస్తున్నారు, నీరు ఎక్కడినుంచి వస్తోంది, బరువు ఎంత అన్న ప్రశ్నలు తోచని రచయిత యంత్రం మంత్రదండంగా మారిపోతుంది. అప్పుడు అది మన జానపద నవలలోని మాయాకంబళికి వేరు కాదు. మాయాకంబళి మీద నాకు చిన్నచూపు లేదు, దాని ప్రక్రియ వేరు.

3. ప్రేమ అంగిరసం కావడం

ప్రేమకథ విషయంలో అమెరికన్ ప్రచురణరంగం షరతు స్పష్టం. కథకు కేంద్రం ప్రేమే కావాలి. ముగింపు పాఠకుడికి తృప్తినీ ఆశనూ ఇవ్వాలి. మన పరిభాషలో చెప్పాలంటే శృంగారం అంగిరసం కావాలి, వీరం, అద్భుతం, భయానకం అంగాలుగా ఉండాలి. సాహసకథలో నాయికానాయకులు చివరి అధ్యాయంలో చేతులు కలిపినంత మాత్రాన అది ప్రేమకథ కాదు. ఇక్కడ కూడా తీసివేత పరీక్షే వర్తిస్తుంది. ప్రేమను తొలగించినా కథ నడిస్తే ఆ రచన ప్రేమకథల విభాగంలో నిలవదు.

కష్టం ఎక్కడంటే, స్టీమ్‌పంక్ ప్రేమకథ రెండు పరీక్షలకూ ఒకేసారి నిలవాలి. మెల్జీన్ బ్రూక్ రాసిన ‘ది ఐరన్ డ్యూక్’ (2010) ఈ ముడిని చక్కగా వేసింది. ఆ నవలలో హోర్డ్ అనే సామ్రాజ్యం ఇంగ్లండ్ ప్రజల శరీరాలలోకి సూక్ష్మయంత్రాలను పంపి, ఒక గోపురంనుంచి సంకేతాలతో వారి భావోద్వేగాలను రెండు శతాబ్దాలపాటు అదుపు చేసింది. ఆ గోపురాన్ని కూల్చినవాడు నాయకుడు. నాయిక మీనా వెంట్‌వర్త్ పోలీసు అధికారిణి. ఆమె ముఖంలో ఆక్రమణదారుల పోలికలు ఉన్నందువల్ల వీధిలో జనం ఆమెను ద్వేషిస్తారు. తన కోరిక తనదేనా, లేక శరీరంపై పట్టు మళ్లీ పోతోందా అన్న భయం ఆమె ప్రేమకు అడ్డంకి. ఆ అడ్డంకిని సృష్టించింది యంత్రమే. యంత్రాన్ని తీసివేస్తే ప్రేమలోని సంఘర్షణ కూడా పోతుంది. అయితే దురాక్రమణదారుగా మంగోలు సామ్రాజ్యాన్ని నిలపడంలో తూర్పుదేశాలపై ఐరోపాకు ఉన్న పాత భయం నీడ కనిపిస్తుందన్నది నా అభ్యంతరం.

గెయిల్ కారిగర్ ‘సోల్‌లెస్’ (2009) మరో దారి పట్టింది. ఆత్మ లేని నాయిక తాకగానే తోడేలు మనిషి మామూలు మనిషి అవుతాడు. ఇందులో యంత్రాల కంటే విక్టోరియా కాలపు మర్యాదలపై హాస్యమే పాఠకులను ఆకట్టుకుంది. కఠినంగా పరీక్షిస్తే ఇది స్టీమ్‌పంక్‌గా బలహీనం, ప్రేమకథగా బలిష్ఠం.

4. ‘ది ఎఫ్లుయెంట్ ఇంజిన్’: ఒక నమూనా

రెండు పరీక్షలకూ నిలిచి, ఆపైన మరొకటి సాధించిన కథగా ఎన్. కె. జెమిసిన్ రాసిన ‘ది ఎఫ్లుయెంట్ ఇంజిన్’ను చెప్పవచ్చు. స్త్రీల మధ్య ప్రేమ ఇతివృత్తంగా జోసెల్ వాండర్‌హూఫ్ట్ కూర్చిన ‘స్టీమ్-పవర్డ్’ (2011) సంకలనంలో ఈ కథ వచ్చింది. ఆ తరువాత ఆన్ వాండర్‌మీర్ తన ‘స్టీమ్‌పంక్ రెవల్యూషన్’ (2012)లో దీనిని చేర్చారు. ఇద్దరు సంపాదకుల దృష్టి ఒకే కథపై పడటం గమనార్హం.

కథానాయిక జెస్సలిన్ హైతీ గూఢచారిణి. బానిసలు తిరగబడి 1804లో స్వతంత్రంగా ప్రకటించుకున్న దేశం హైతీ. ఆ స్వేచ్ఛను నిలుపుకోవడానికి గగననౌకలు కావాలి, వాటికి వాయువు కావాలి. చెరకునుంచి రమ్ము కాచగా మిగిలే మురుగునీటినుంచి మీథేన్ వాయువును తీయగలిగితే చాలు. అందుకు ఇంజనీరును వెతుకుతూ ఆమె న్యూ ఆర్లీన్స్ వస్తుంది. ఆ ఇంజనీరు నోర్బర్ట్ రిలియూ చరిత్రలో నిజంగా ఉన్నవాడు. 1806లో పుట్టిన ఆయన చెరకురసాన్ని మరిగించి చక్కెర తీసే పద్ధతినే మార్చివేసిన నల్లజాతి శాస్త్రజ్ఞుడు. కథలో ఆయన సాయానికి ఒప్పుకోడు. ఆయన చెల్లెలిగా రచయిత్రి కల్పించిన యూజినీ ఆ పనిని సాధిస్తుంది. జెస్సలిన్ ఆమెనే ప్రేమిస్తుంది.

ఇక్కడ ఇంధనం ఏమిటో చూడాలి. చెరకు తోటలు బానిసల చెమటతో పండినవి. ఆ తోటల మురుగే ఇప్పుడు బానిసత్వానికి ఎదురు నిలిచే దేశానికి రెక్కలవుతోంది. యంత్రం, చరిత్ర, ధిక్కారం ఒకే వస్తువులో ఇమిడిపోయాయి. ప్రేమ కూడా అక్కడినుంచే పుట్టింది. అన్న నీడలో మరుగున పడిన మేధను గుర్తించడమే ఈ కథలో ప్రేమకు తొలి మెట్టు. ఏ పోగు లాగినా నేత అంతా విడిపోయేటట్లుంది. ప్రచురణకు పంపే రచయితలు ముందుగా చదవవలసిన కథ ఇదేనని నేను భావిస్తున్నాను.

5. సామ్రాజ్యపు లెక్క

ఆంగ్ల రచయిత చార్లెస్ స్ట్రాస్ 2010లో స్టీమ్‌పంక్‌పై ఘాటైన విమర్శ చేశాడు. ఆకలి, బాలకార్మికత, వలసపాలన నిండిన కాలాన్ని అందమైన బొమ్మగా మార్చివేస్తున్నారన్నది ఆయన ఆక్షేపణ. నిజానికి ప్రక్రియకు పేరు పెట్టకముందే మైకేల్ మూర్‌కాక్ ‘ద వార్‌లార్డ్ ఆఫ్ ది ఎయిర్’ (1971)లో ఈ ప్రశ్న లేవదీశాడు. భారతదేశపు ఈశాన్య సరిహద్దుల్లో ఉన్న బ్రిటిష్ సైనికాధికారి బాస్టబుల్, ప్రపంచయుద్ధాలు జరగని 1973లోకి వెళతాడు. సామ్రాజ్యాలు ఇంకా నిలిచి ఉన్నందుకు మొదట మురిసిపోతాడు. ఆ శాంతికి మూల్యం చెల్లిస్తున్నది ఎవరో తరువాత తెలుసుకుంటాడు. ఆగ్నేయాసియా కథలతో జేమీ గో, జాయిస్ చంగ్ కూర్చిన ‘ద సీ ఈజ్ అవర్స్’ (2015), బెల్జియం రాజు లియోపోల్డ్ దోపిడీకి గురైన కాంగో నేపథ్యంగా నిసి షాల్ రాసిన ‘ఎవర్‌ఫెయిర్’ (2016) వచ్చాక ఈ ప్రశ్నను పక్కన పెట్టే వీలు లేకపోయింది.

తెలుగు రచయిత ఎవరైనా ఈ ప్రక్రియలో రాస్తే లండన్ పొగమంచును అరువు తెచ్చుకోనక్కరలేదు. 1876-78 నాటి మహాక్షామాన్ని మనవారు ధాత కరవు అన్నారు. కడప, కర్నూలు, బళ్లారి ప్రాంతాలు మాడిపోయిన ఆ రోజుల్లో కడప, గుత్తి మీదుగా రాయచూరుకు మద్రాసు రైల్వే ఆవిరి బండ్లు నడుస్తూనే ఉన్నాయి. ఆ బండిలో ధాన్యం ఎటు పోతోంది, బొగ్గు వేస్తున్న మనిషి ఏ ఊరివాడు, స్టేషన్ బయట కూర్చున్న ఆమె అతడికి ఏమవుతుంది?