చీమల పచ్చడి

ఒడిశాలోని మయూరభంజ జిల్లావారి ఎఱ్ఱచీమల పచ్చడికి 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు లభించినది. మన బందరు లడ్డునకు 2017లో దక్కిన గౌరవమే యిది. ఈ వార్త చదివి ముఖము చిట్లించుకొన్న తెలుగువారు రాజధానిలో నుండకపోరు.

ఈ చీమలు చెట్లపై ఆకులను కలిపి కుట్టి గూళ్లు కట్టుకొనును. ఆదివాసులు ప్రొద్దుననే ఆ గూళ్లను కోసి నీటిలో ముంచి, చీమలను గ్రుడ్లతోకూడ ఏరి, అల్లము, వెల్లుల్లి, మిరపకాయలు, ఉప్పు చేర్చి రాతిపై నూరుదురు. చీమలోని ఫార్మిక్ ఆమ్లము పులుపు నిచ్చును. మనకు చింతపండు చేయు పనిని వారికి చీమ చేయుచున్నది.

పురుగును తినుటయా యని కదా మన యాక్షేపణ! తేనెటీగ పూదేనెను కడుపున మోసికొని వచ్చి కక్కినదే తేనె. దానిని పంచామృతములలో చేర్చి దేవున కభిషేకించుచున్నాము. నిష్ఠగల జైనులు తేనెను ముట్టరు. వారి తర్కము మనదానికంటె సూటిగా నున్నది. తొలకరి వానలకు దీపముచుట్టు మూగు ఉసిళ్లను పట్టి వేయించుకొని తినుట తెలుగు పల్లెలు గాని తమిళ పల్లెలు గాని యెఱుగని సంగతి కాదు. పట్టణము చేరినపిదప ఆ మాట యెత్తుటకు సిగ్గుపడుచున్నాము.

నిజమునకు ఆ పచ్చడిలో పరదేశి చీమ కాదు, మిరపకాయ. అది అమెరికా ఖండమున పుట్టి, పోర్చుగీసువారి యోడలలో మన తీరమునకు వచ్చినది. నేటికిని పెక్కు యిండ్ల తద్దినపు వంటలో మిరియమే గాని మిరపకాయ వేయరు. బంగాళాదుంపకు, టొమాటోకు అచట ప్రవేశము లేదు. పితృదేవత లింకను అంగీకరింపని యా కాయ లేనిదే మనకు మాత్రము ముద్ద దిగదు!

చీమల పచ్చడిని అందఱును తినవలెనని మేము చెప్పుట లేదు. వలదనుటకు ఎవరి నాలుక వారిది. కాని వలదనుట వేఱు, ఛీ యనుట వేఱు. పరాయి నగరమున అద్దెయింటికై పోయినపుడు యజమాని మొదట కులమును, పిమ్మట మాంసము తిందురా యని అడిగినచో మనకు ఒడలు మండును. ఎండుచేపల వాసన వచ్చినదని ఇల్లు ఖాళీ చేయుమన్నచో అన్యాయమని వాపోదుము. రాయగడ, జయపురము ప్రాంతములలో తెలుగు కుటుంబములు తరతరములుగా కాపురమున్నవి. అచట ఆదివాసి బాలిక బడిలో తన గిన్నె మూత తీయుటకు జంకినచో, ఆమె ప్రక్కన ముక్కు మూసికొని కూర్చున్నది మన బిడ్డయే కావచ్చును.